హైదరాబాదు కన్సోల్ ఆటలు

హైదరాబాదు కన్సోల్ ఆటలు అనగా, టెలివిజనుకు అనుసంధానించి ఆడే వీడియో గేమ్ యంత్రాల (కన్సోళ్ళ) కొరకు హైదరాబాదు నగరంలోని స్టూడియోలు రూపొందించిన ఆటలు. వీటిలో ముఖ్యమైనవి 2009లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 యంత్రంపై విడుదల చేసిన "హనుమాన్: బాయ్ వారియర్", "దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా". అప్పటికి ప్లేస్టేషన్ 2 మార్కెట్టులోకి వచ్చి తొమ్మిదేళ్ళు గడిచాయి. దాని తరువాతి తరానికి చెందిన ప్లేస్టేషన్ 3 కూడా అప్పటికే భారతదేశంలో లభిస్తున్నది. అయినను కొత్త ఆటలు పాత యంత్రానికే తయారయ్యాయి. ఇందుకు గల కారణాలను పరిశీలిస్తే, కన్సోళ్ళ జయాపజయాలను నిర్ణయించే అంశాలు కూడా తెలుస్తాయి.

కన్సోల్ వ్యాపార విధానం

మొదట్లో ఆటలు యంత్రంలోనే ఇమిడి ఉండేవి. 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్, 1977లో అటారీ వీసీఎస్ యంత్రాలు మార్చుకోదగిన కాట్రిడ్జిలతో వచ్చాయి. దీనితో యంత్రం ఒక వస్తువుగాను, ఆట మరొక వస్తువుగాను విడిపోయాయి. 1979లో అటారీని వీడిన కొందరు ప్రోగ్రామర్లు యాక్టివిజన్ సంస్థను స్థాపించి, అటారీ యంత్రానికి బయటి నుండి ఆటలు తయారు చేయసాగారు. తరువాత నాసిరకం ఆటలు విపరీతంగా పెరిగిపోవడం 1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్టు కూలిపోవడానికి ఒక ముఖ్య కారణమైంది.

ఈ అనుభవం తరువాత నింటెండో సంస్థ 1985లో అమెరికాలో విడుదల చేసిన ఎన్ఈఎస్ యంత్రంలో ఒక తాళపు చిప్పును అమర్చింది. అనుమతి పొందిన కాట్రిడ్జిలు మాత్రమే ఆ యంత్రంలో పనిచేసేవి. అనుమతి కోరిన ఆటల సంస్థ నింటెండోకు రుసుము చెల్లించాలి. నేటి కన్సోల్ వ్యాపారానికి కూడా ఇదే ఆధారం. యంత్రాన్ని తక్కువ లాభానికో, కొన్నిసార్లు నష్టానికో అమ్మి, ఆ తరువాత అమ్ముడయ్యే ప్రతి ఆటపై వచ్చే రుసుముతో ఆదాయం పొందుతారు. కనుక ఎన్ని యంత్రాలు అమ్ముడయ్యాయన్నది ఎంత ముఖ్యమో, ఒక్కొక్క యంత్రానికి ఎన్ని అసలు ఆటలు అమ్ముడయ్యాయన్నది కూడా అంతే ముఖ్యం.

విజయానికి దోహదం చేసే అంశాలు

సాంకేతిక శక్తి ఎక్కువగా ఉన్న యంత్రమే గెలుస్తుందని చాలామంది భావిస్తారు. చరిత్ర దీనిని సమర్థించదు.

* ధర, మన్నిక: నింటెండో వారి గేమ్ బాయ్ (1989) తెరపై రంగులు లేవు. సెగా వారి గేమ్ గేర్ (1990) రంగుల తెరతో వచ్చింది. కానీ గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను కొద్ది గంటలలో ఖర్చు చేసేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచేది, ధర కూడా తక్కువ. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. బాగా పాతబడి చవకైన సాంకేతికతను కొత్త ఉపయోగానికి మళ్ళించాలన్నది నింటెండో రూపకర్త గున్‌పెయి యొకోయి సూత్రం.

* ఆటల సంఖ్య, పాత ఆటల కొనసాగింపు: సెగా డ్రీమ్‌కాస్ట్ (1998) యంత్రంలోనే మోడెమ్ ఉండేది. అంతర్జాలంలో ఆడే సౌకర్యాన్ని అది ముందుగా అందించింది. అయితే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద సంస్థ దానికి ఆటలు తయారు చేయలేదు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2, పాత ప్లేస్టేషన్ డిస్కులను కూడా నడిపేది, డీవీడీ సినిమాలను కూడా చూపేది. సెగా 2001లో కన్సోళ్ళ తయారీ నుండి తప్పుకుంది. ప్లేస్టేషన్ 2 ప్రపంచవ్యాప్తంగా 15.5 కోట్లకు పైగా అమ్ముడైంది.

* ఆడే విధానంలో మార్పు: నింటెండో వీ (2006) శక్తిలో పోటీ యంత్రాల కన్న చాలా వెనుక. చేతి కదలికలతో ఆడే కంట్రోలరు వలన అంతకు ముందు ఆటలు ఆడనివారు కూడా దానిని కొన్నారు. దాని అమ్మకాలు 10 కోట్లు దాటాయి. దాని తరువాత 2012లో వచ్చిన వీ యు దాదాపు 1.36 కోట్లకే పరిమితమైంది. ఇంట్లో టీవీకి, బయట చేతిలో కూడా ఆడగల స్విచ్ (2017) మరల 15 కోట్లు దాటింది. ఒక తరంలో పొందిన విజయం తరువాతి తరానికి హామీ కాదని దీనివలన తెలుస్తుంది.

హైదరాబాదులో తయారైన ఆటలు

హనుమాన్: బాయ్ వారియర్ ఆటను హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించగా, సోనీ కంప్యూటర్ ఎంటర్‌టైన్‌మెంట్ యూరప్ ప్రచురించింది. పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన తొలి కన్సోల్ ఆటగా ఇది ప్రచారం పొందింది. బాల హనుమంతుని పాత్రను ఆటగాడు నడిపిస్తాడు. దేవుడిని కంట్రోలరు మీటలతో ఆడించడం తగదని అమెరికాలోని నెవాడాకు చెందిన రాజన్ జెడ్ తదితరులు అభ్యంతరం తెలిపారు. స్థానిక కథను ఎంచుకున్నవారికి స్థానిక ఆదరణతోపాటు స్థానిక బాధ్యత కూడా వస్తుందని ఈ వివాదం చూపింది.

దేశీ అడ్డా ఆటను హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర సంస్థ ప్లేస్టేషన్ 2, ప్లేస్టేషన్ పోర్టబుల్ యంత్రాలకు తయారు చేసింది. ఇందులో కబడ్డీ, గాలిపటాలు, గిల్లీదండా (తెలంగాణలో చిర్రగోనె, కోస్తాలో బిళ్ళంగోడు) వంటి వీధి ఆటలు ఉన్నాయి. ఇదే సంస్థ హిందీ చలనచిత్రం ఆధారంగా రూపొందించిన డాన్ 2 ఆట 2013లో విడుదలైంది.

పాత యంత్రాన్నే ఎంచుకోవడానికి కారణాలు

ప్లేస్టేషన్ 3 కొరకు ఆట తయారు చేయడానికి పెద్ద బృందం, అధిక వ్యయం అవసరం. ప్లేస్టేషన్ 2 నిర్మాణం అప్పటికి అందరికీ తెలిసినది. చిన్న బృందం తక్కువ ఖర్చుతో నేర్చుకోవడానికి అది అనువైనది. యంత్రం ధర కూడా ఏటేటా తగ్గుతూ, 2009 ఏప్రిల్ నాటికి అమెరికాలో 99 డాలర్లకు చేరింది.

కొనుగోలుదారు వైపు నుండి చూసినా ఇదే ఫలితం వస్తుంది. హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట వంటి ప్రాంతంలో నివసించే మధ్యతరగతి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కొత్త తరం కన్సోల్ కొంటే, దాని చిత్ర నాణ్యతను పూర్తిగా పొందడానికి కొత్త టెలివిజను కూడా కావాలి. ప్లేస్టేషన్ 2 ఇంట్లో ఉన్న పాత టీవీకే సరిపోతుంది, డీవీడీ ప్లేయరుగా కూడా పనికి వస్తుంది. ఇంటిల్లిపాదికీ ఉపయోగపడే వస్తువుకు పెద్దల ఆమోదం సులభంగా లభిస్తుంది. సంక్రాంతికి డాబాలపై పతంగులు ఎగురవేసే పాతబస్తీ పిల్లలకు దేశీ అడ్డాలోని పతంగుల ఆట నియమాలు వేరుగా చెప్పనవసరం లేదు. విదేశీ ఆటలకు లేని సౌలభ్యం ఇది.

అయితే ఈ లెక్కకు మరొక వైపు కూడా ఉన్నది. భారతదేశంలో మాడ్ చిప్పు అమర్చిన యంత్రాలలో నకలు డిస్కులతో ఆడడం విస్తృతంగా జరిగింది. నకలు డిస్కుపై ఆటను తయారు చేసినవారికి గాని, కన్సోల్ సంస్థకు గాని ఏమీ రాదు. యంత్రాలు ఎన్ని ఇళ్ళకు చేరినా ఆటలపై ఆదాయం రానిచోట, ఆ ప్రాంతపు ఆటలపై పెట్టుబడి పెట్టడానికి సంస్థలు వెనుకాడతాయి. కొనుగోలుదారుకు చవకగా దొరికిన డిస్కు, తన భాషలో, తన వీధిలో పుట్టగల ఆటకు అవరోధమైంది.

తరువాతి పరిణామాలు

ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి నిలిచిపోయినట్లు 2013 జనవరిలో వెల్లడైంది. దానితో తక్కువ వ్యయంతో కన్సోల్ ఆట తయారు చేసే మార్గం మూసుకుపోయింది. ఆ లోపే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, గేమ్‌లాఫ్ట్ సంస్థలు హైదరాబాదులో స్టూడియోలు నెలకొల్పగా, నగరంలోని నిపుణులు ఎక్కువగా మొబైల్ ఆటల వైపు మళ్ళారు. స్మార్ట్‌ఫోనులో ఆటను ప్రచురించడానికి డిస్కులు ముద్రించనవసరం లేదు, యంత్రాన్ని విడిగా అమ్మనవసరమూ లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కొరకు "ఇమేజ్" విధానాన్ని ప్రకటించింది. భారతీయ స్టూడియోల కన్సోల్ ఆటలకు తోడ్పడుటకు సోనీ 2023లో "ఇండియా హీరో ప్రాజెక్ట్" పథకాన్ని ప్రారంభించింది. 2009 నాటి ఆటలు సాంకేతికంగా నాటి విదేశీ ఆటలతో సమానమైనవి కావు. అయినను పరాయి సంస్థలకు విడిభాగాలుగా పని చేసిపెట్టడమే కాక, ఒక పూర్తి కన్సోల్ ఆటను ఈ నగరంలో తయారు చేయవచ్చని అవి నిరూపించాయి.