గిరాకీ ఉన్నదని ఎవలు జెప్పిండ్రు తమ్మీ?

మా మండలంల లోన్ అప్లికేషన్లు నింపే పని చేస్త నేను. పీఎంఈజీపీ ఫారం ముందట వెట్టుకొని కూసుంటే, ప్రాజెక్ట్ రిపోర్ట్‌ల మార్కెట్ అనే కాలం వొచ్చేసరికి పోరగాళ్లంతా ఒక్కటే మాట అంటరు: "ఆడ గుడ్ డిమాండ్ అని కొట్టన్నా." షెడ్డుకు ఎంత, మిషన్‌కు ఎంత, ఎన్ని హార్స్‌పవర్ మోటర్, అన్నీ నోటికి చెప్తరు. సరుకు ఎవలు కొంటరు అంటే మాత్రం నా మొకం దిక్కు చూస్తరు.

గా ఒక్క కాలం గురించే ఈ రాత. పెద్ద కంపెనీలు దాన్ని మార్కెట్ రీసెర్చ్ అని కోట్లు ఖర్చు వెడ్తయ్. మనకు అంత అక్కర లేదు. నాలుగు దిక్కుల తిరిగి, నోరు తెరిచి అడిగి, రాసుకునుడే రీసెర్చ్.

ఈము పక్షుల ముచ్చట మీ ఇంట్ల పెద్దోళ్లకు యాదికుంటది. 2000ల తర్వాత మన దిక్కు, తమిళనాడుల షెడ్ల మీద షెడ్లు లేచినయ్. మాంసంల కొవ్వు తక్కువ, నూనెకు ధర, తోలుకు ధర, ఆఖరికి ఈకలకు సుత ధర అన్నరు. పిల్లలకు మంచి రేటు వలికిన మాట నిజమే. గని ఆ పిల్లల్ని కొన్నదెవలు? కొత్తగ షెడ్డు వేసుకునేటోడు. ఆయన పెంచినవి ఇంకో కొత్తోడు. కూరకు కొనేటోడు ఆ లెక్కల యాడా కానరాడు. 2012ల ఈరోడ్ జిల్లా పెరుందురైల సుశి ఈము ఫార్మ్స్ కూలిపోయి, డిపాజిట్ కట్టిన వేల మంది రోడ్డున వడ్డరు. పక్షులకు దాణా వేసే దిక్కు లేకుంట వొయింది. "చివరికి దీన్ని తినేదెవలు?" అని చుట్టుపక్కల పది మాంసం దుకాండ్లల్ల అడిగితే ఒక్క పూటల తేలే సంగతి అది.

ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువ వొచ్చేది పేపర్ ప్లేట్ల మిషన్. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు బంద్ అయినయ్ కాబట్టి గిరాకీ పెరుగుతదని ఆశ. ఆశల తప్పులేదు. గని ఆ వార్త నువ్వొక్కనివే సదవలే గదా, పక్క మండలపోడు సుత సదివిండు. ఇంకోటి, కొందరు మిషన్ అమ్మెటోళ్లు "తయారైన మాల్ మేమే కొంటం" అని మాటిస్తరు. గా మాట ఇనంగనే నాకు ఈము కండ్ల ముందట వడ్తది. ఆయన లాభం మిషన్ అమ్ముడుల ఉన్నది, నీ ప్లేట్ల కాదు.

లెక్క గిట్ల వేసి చూడుండ్రి. కిస్తీ, కిరాయి, కరెంటు, కూలి కలిపి నెలకు 30 వేలు అయితది అనుకుందాం. కట్టకు 3 రూపాయలు మిగుల్తయ్ అనుకుందాం. అంటే నెలకు 10 వేల కట్టలు అమ్మితే సున్నకు సున్న, నీ ఇంటికి రూపాయి రాదు. మన మండలంల ఉన్న దుకాండ్లన్నీ కలిపి నెలకు ఎన్ని కట్టలు అమ్ముతయ్? గది తెల్వకుంట మిషన్ రేటు బేరమాడుడు దేనికి?

ఎట్ల తెల్సుకోవాలె? అడగాలె. గని అడిగే తీరు ఉంటది. "అన్నా, నేను ప్లేట్లు తయారు చేస్తే కొంటవా" అంటే ఊళ్లె ఎవ్వలూ కాదనరు. మొకం మీద వొద్దనుడు మన దిక్కు అలవాటు లేదు. "పెట్టు తమ్మీ, మంచిగ నడుస్తది" అని చాయ్ సుత తాపుతరు. ఆ మాట మీద లోన్ తీసుకోవద్దు. "పోయిన నెల ఎన్ని కట్టలు అమ్మినవ్, ఎవని దగ్గర కొన్నవ్, ఎంతకు వడ్డది, ఎన్ని దినాల ఉద్దెర ఇస్తడు" అని అడుగు. లగ్గాల నెల వేరే, మూఢం నెల వేరే రాసుకో. ఉద్దెర సంగతి ఎక్కువ మంది మర్చిపోతరు. 45 దినాల ఉద్దెర ఇచ్చేటోడు ఉన్నకాడ నువ్వు నగదు అడిగితే నీ ప్లేటు ఎంత మంచిదైనా లాభం లేదు.

మంది ఎంతమందిని అడిగినం అన్నది కాదు, ఏం అడిగినం అన్నదే ముఖ్యం. 1985ల అమెరికాల కోకాకోలా రుచి మార్చేటప్పుడు దాదాపు 2 లక్షల మందికి తాపి చూసింది. ఎక్కువ మంది కొత్తదే బాగున్నదన్నరు. అదే ధైర్యంతోని పాతది తీసేస్తే జనం కొట్లాడిండ్రు, 79 దినాలకు పాతది మళ్ల తేవాల్సొచ్చింది. రుచి అడిగిండ్రు గని, పాతది లేకుంట చేస్తే ఏమంటరో సరిగ్గ పట్టుకోలే.

సబ్సిడీ ఉన్నది గదా అంటరు. పల్లెల పీఎంఈజీపీ కింద జనరల్ వాళ్లకు 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఆడోళ్లకు 35 శాతం. 10 లక్షల యూనిట్ అయితే 3.5 లక్షలు. గని అవి నీ చేతికి రావు. మూడేండ్లు బ్యాంకుల డిపాజిట్‌గ ఉండి, యూనిట్ నడుస్తున్నదా లేదా చూసినంకనే లోన్‌ల సర్దుతరు. మధ్యల తాళం వడ్తే సబ్సిడీ సుత చేజారుడే, కిస్తీ మాత్రం ఆగదు. అమ్మ పుస్తెలతాడు కుదువవెట్టి సొంత వాటా కట్టినోళ్లను చూసిన నేను.

అందుకే నా దగ్గరికి మొన్న వొచ్చిన ఇద్దరు సోపతిగాళ్లకు ఒక్కటే జెప్పిన. ఫారం ఆన్నే ఉంటది, యాడికి వోదు. ముందుగాల్ల హైదరాబాద్ బేగంబజార్‌కు పోయి ఐదారు వేల రూపాయల తయారు ప్లేట్లు తెచ్చుకోండ్రి. బండి మీద వేసుకొని నెల దినాలు మండలమంతా తిరిగి అమ్ముండ్రి. ఎవలు మళ్ల పిలిచిండ్రు, ఎవలు పైసలు ఆపిండ్రు, ఏ సైజు పోయింది, ఏది మిగిలింది నోట్‌బుక్‌ల రాయుండ్రి. ఆ నోట్‌బుక్ తెస్తే మార్కెట్ కాలం నేను నింపుత.