గర్వమా? గౌరవమా? - ‘గాఓన్’ అనే హీబ్రూ మాట



మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంటే ఊరి పెద్దాయన ఒకరు వచ్చారు. నమస్కారం పెట్టాను గానీ లేచి నిలబడలేదు. “నాలుగక్షరాలు రాగానే గర్వం తలకెక్కింది” అన్నారాయన. అదే సాయంత్రం మా అమ్మ పక్కింటి పిన్నితో “మావోణ్ణి చూస్తే గర్వంగా ఉంది” అంది. మాట ఒక్కటే. ఒకరు తిట్టారు, ఒకరు మురిసిపోయారు. ఆదివారం చర్చిలో మాత్రం గర్వం నాశనానికి ముందు నడుస్తుందనే విన్నాను. మరి మా అమ్మది తప్పా?

యూనివర్సిటీకి తిరిగొచ్చాక లైబ్రరీలో హీబ్రూ నిఘంటువు తీశాను. సామెతల గ్రంథం 16వ అధ్యాయం 18వ వచనంలో ‘గర్వం’ అన్నచోట ఉన్న హీబ్రూ మాట ‘గాఓన్’. దాని ధాతువుకు అర్థం పైకి లేవడం, పొంగడం. యెహెజ్కేలు 47వ అధ్యాయంలో దాటలేనంతగా నది పొంగిందని చెప్పడానికి ఆ క్రియే వాడారు. యోబు 8వ అధ్యాయంలో బురదనేలలో జమ్ము ఎదగడానికీ అదే క్రియ. యొర్దాను ఒడ్డున సింహాలు తిరిగే దట్టమైన పొదలను యిర్మీయా ‘యొర్దాను గాఓన్’ అన్నాడు. అంటే ఈ మాట పుట్టుకలో తప్పేమీ లేదు. మనం కూడా ఏరు పొంగిందంటాం, గుండె ఉప్పొంగిందంటాం కదా!

ఇంకో విశేషం చూడండి. ‘యాకోబు గాఓన్’ అనే మాట బైబిల్లో రెండు విధాలుగా కనిపిస్తుంది. 47వ కీర్తనలో అది దేవుడు ప్రేమతో ఇచ్చిన దేశం. ఆమోసు 6వ అధ్యాయంలో అదే మాట దేవుడికి అసహ్యం. ఎందుకంటే అక్కడి పెద్దలు దంతపు మంచాల మీద పడుకుని, తమ జనం నాశనమైపోతున్నా బాధపడలేదు. ఈ మాట చెప్పిన ఆమోసు తెకోవ ఊరి పశువుల కాపరి.

తర్వాతి కాలంలో బాబిలోనియాలోని సూరా, పుంబెదిత అనే యూదు విద్యాపీఠాల అధిపతులకు ‘గాఓన్’ బిరుదైంది. నేటి హీబ్రూలో ఆ మాటకు మేధావి అని అర్థం. ఒకనాడు హెచ్చరికగా వినిపించిన మాట చదువుకున్నవాడికి గౌరవమైందన్నమాట.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. ఎదగడం తప్పు కాదు. ఎదిగాక పక్కవాడి కష్టం కనబడకపోవడమే తప్పు. బల్ల మీద కూర్చోవడం నా గర్వం కాదు, నా గౌరవం. కానీ రేపు నాకు ఉద్యోగం వచ్చాక, ఇదే హాస్టల్లో చదివే తమ్ముడు ఫీజు కోసం ఫోన్ చేస్తే ఎత్తకపోతే, అది ఆమోసు తిట్టిన గాఓన్ అవుతుంది.

బురద లేకుండా జమ్ము ఎదగదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. దాని వెనుక మా నాన్న కూలి ఉంది, ఈ హాస్టల్ అన్నం ఉంది. తమ్ముళ్లూ, తలెత్తుకుని నడవండి. అయితే వెనక వచ్చేవాడికి చేయి అందించడం మరచిపోకండి.