సిట్టింగులు ఎన్ని అని కాదు అడగాల్సింది

జబ్బ పైకి లేవక, చొక్కా తొడుక్కోవడమే కష్టమై ఫిజియోథెరపీకి వెళ్లేవారు ముందుగా అడిగేది, సిట్టింగులు ఎన్నని. భుజాన్ని వత్తి, కీలును మెల్లగా కదిలించే చేతివైద్యం మీద మనకు అంత గురి. భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ కండరాల వల్ల వచ్చే నొప్పి విషయంలో పరిశోధనలు ఈ గురిని బలపరచడం లేదు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పది వారాలు మర్దన, కీలు కదలికలు, వ్యాయామం. రెండో జట్టుకు పనిచేయని అల్ట్రాసౌండ్ యంత్రం, మందు లేని జెల్. పదకొండో వారానికి రెండు జట్లూ కుదుటపడ్డాయి, పెద్ద తేడా లేదు. తర్వాత మొదటి జట్టు ఇంట్లో వ్యాయామం కొనసాగించింది. 22వ వారానికి చేతితో పనులు చేసుకోవడంలో కాస్త ముందుంది. ఆ మేలు చిన్నదే, కానీ కనబడింది చేతివైద్యం ఆగాక.

మరి వ్యాయామానికైనా అన్ని సిట్టింగులు కావాలా? 2021లో లాన్సెట్ ప్రచురించిన బ్రిటన్ అధ్యయనంలో 708 మంది ఉన్నారు. కొందరికి ఆరు సిట్టింగుల దాకా పర్యవేక్షణలో వ్యాయామం. మిగిలినవారికి ఒక్క సిట్టింగులో సలహా, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు. ఏడాదిలో రెండు పద్ధతుల ఫలితమూ దాదాపు ఒకటే. అదే అధ్యయనంలో కొందరికి ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ తొలి వారాల్లో కొంత ఊరటనిచ్చింది, ఏడాదికి దాని జాడ లేదు.

చేయి పడగానే హాయిగా ఉంటుంది కదా, అదంతా భ్రమేనా అంటారు. భ్రమ కాదు. నొప్పి తగ్గిన ఆ కాసేపూ కదలడానికి ధైర్యం వస్తే మంచిదే. అయితే కండరం బలపడేది బరువు మోసినప్పుడే. ఆ పని ఇంకొకరు చేసిపెట్టలేరు. ఇంట్లో ఎవరు చేస్తారండీ అన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. నిజమే, మూడోరోజుకే మానేసేవారు ఎక్కువ. అలాంటివారు వెళ్లి చేయించుకోవడంలో తప్పులేదు, కాకపోతే డబ్బు కడుతున్నది క్రమశిక్షణకని తెలుసుకుని కట్టాలి.

ఇదంతా అన్ని భుజం నొప్పులకూ వర్తించదు. షుగర్ ఉన్నవారిలో ఎక్కువగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ దారి వేరు. కిందపడ్డాక చేయి లేవకపోయినా, జ్వరంతో కీలు వాచినా, నొప్పితోపాటు ఛాతీ బరువెక్కినా వ్యాయామం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలినవారు మొదటిరోజే ఫిజియోథెరపిస్టు చేత కాగితం మీద రాయించుకోండి: ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎంత నొప్పి వస్తే ఆపాలి, బరువు ఎప్పుడు పెంచాలి.