ఖర్చు సరే... జమ ఎంత?

పోయిన జూలైలో ఒక ఆదివారం సాయంత్రం. టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం వస్తోంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కాలికి ఐస్ ప్యాక్ పెట్టుకుని సోఫాలో కూర్చుని చూస్తోంది. తను స్కూలు తరఫున మూడు వేల మీటర్ల పరుగులో పాల్గొంటుంది. మోకాలి కింద ఎముక నొప్పితో అప్పటికి నెల రోజులుగా ప్రాక్టీసు ఆగిపోయింది.

"నాన్నా, ఎక్కువ కేలరీలు ఖర్చు చేసేది వీళ్లా, మారథాన్ వాళ్లా?" అని అడిగింది.

నాకు తెలియదు. కానీ ఎంబీఏ చదివి, పద్దెనిమిదేళ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. తెలియదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. "రేపటికల్లా చెప్తానమ్మా" అన్నాను. ఒక్క రోజు పని అనుకున్నది రెండు వారాలు పట్టింది. ఆ లెక్క చివరికి మా ఇంటి వంటగదిలోకే వచ్చి ఆగింది. మా అమ్మాయి సరేనన్నాకే ఈ సంగతులు రాస్తున్నాను.

అద్దె కట్టక తప్పదు

బిస్కెట్ ప్యాకెట్ మీద మనం చూసే కేలరీ నిజానికి కిలో కేలరీ. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా గుండె, మెదడు, కాలేయం నడవడానికి శరీరానికి కొంత ఖర్చు ఉంటుంది. దాన్ని బేసల్ మెటబాలిక్ రేటు, పొట్టిగా బీఎంఆర్ అంటారు. సెలవు రోజైనా బ్రాంచికి అద్దె కట్టక తప్పదు కదా, అలాంటిదే ఇది. డెబ్భై కిలోల మగవాడికి ఇది రోజుకు సుమారు 1,600 నుంచి 1,700 కేలరీలు. తినడం, నడవడం, ఆడటం అన్నీ దాని మీద అదనం.

మరి రోజంతా సైకిల్ తొక్కేవాడి ఖర్చును ఎలా కొలుస్తారు? అతనికి ప్రత్యేకమైన నీళ్లు తాగిస్తారు. అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్ మామూలువాటికన్నా కాస్త బరువైన రకం. ఆ హైడ్రోజన్ నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ మాత్రం నీటితో పాటు ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌గా కూడా పోతుంది. కొన్ని రోజుల పాటు మూత్రం పరీక్షించి, ఈ రెండూ తగ్గే వేగంలో తేడా చూస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలాడో, దాన్నిబట్టి ఎంత శక్తి ఖర్చయిందో తేలుతుంది.

ఒక్క పందెం లెక్క

పరుగుకు ఒక సులువైన కొండగుర్తు ఉంది. కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 52 కిలోల మేటి రన్నర్‌కు సుమారు 2,200 కేలరీలు అవుతాయి. 2023లో చికాగోలో కెన్యా క్రీడాకారుడు కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ పూర్తి చేశాడు. ఆ వేగంతో పరిగెత్తేవాళ్లకు గంటకు 1,100 కేలరీల దాకా ఖర్చవుతాయి.

ఇక్కడో తమాషా ఉంది. 75 కిలోల నాలాంటివాడు అదే దూరాన్ని ఆపసోపాలు పడుతూ అయిదు గంటల్లో పూర్తి చేశాడనుకోండి. ఖర్చు 3,100 దాటుతుంది! ఛాంపియన్ కన్నా ఎక్కువ. గంటకు లెక్కేస్తే మాత్రం 630 దగ్గరే ఆగిపోతాం. అందుకే కేలరీల అంకె ఒక్కటే చూసి ఎవరు గొప్పో చెప్పలేం. మొత్తమా, గంటకా, రోజుకా అని ముందు అడగాలి.

రోజుల లెక్క

టూర్ డి ఫ్రాన్స్‌లో 23 రోజుల్లో 21 దశలు, దాదాపు 3,400 కిలోమీటర్లు. 1980లలో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ పందెంలోని సైక్లిస్టులకు నేను పైన చెప్పిన నీళ్ల పరీక్ష చేశారు. రోజువారీ ఖర్చు వాళ్ల బీఎంఆర్‌కు నాలుగు రెట్లు దాటిందని తేలింది. రోజుకు ఆరు వేల కేలరీలు సాధారణం. ఆల్ప్స్, పిరనీస్ కొండలెక్కే రోజుల్లో ఎనిమిది వేల దాకా పోతుంది. ఆరు వేలంటే మన లెక్కలో నాలుగున్నర కిలోల పైచిలుకు వండిన అన్నం. నిజంగానే చాలా జట్లు అన్నం వండి పెడతాయి. దారిలో తినడానికి అన్నంతో చేసిన ముక్కలు జేబుల్లో పెట్టుకుని వెళ్తారు.

మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు వీళ్లకు ఏమాత్రం తీసిపోరు. కాళ్లు, చేతులు, నడుము అన్నీ ఒకేసారి పనిచేసే ఆట అది. 1990లలో స్వీడన్ క్రీడాకారులను శిక్షణ శిబిరంలో పరీక్షిస్తే మగవాళ్లకు రోజుకు సుమారు ఏడు వేలు, ఆడవాళ్లకు నాలుగు వేల మూడు నాలుగు వందలు తేలింది. ఈత విషయానికొస్తే, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ రోజుకు 12,000 కేలరీలు తింటాడని పేపర్లన్నీ రాశాయి. అంత తినలేదని తర్వాత ఆయనే చెప్పాడు.

నెలల లెక్క

ఇంతవరకు చదివి, గంట లెక్కలో మారథాన్, రోజు లెక్కలో సైకిల్, స్కీయింగ్ అని తీర్పు చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు కనిపించింది 2019లో వచ్చిన ఒక అధ్యయనం.

2015లో కొందరు రన్నర్లు అమెరికాలో పడమటి తీరాన కాలిఫోర్నియా నుంచి తూర్పున వాషింగ్టన్ దాకా పరిగెత్తారు. వారానికి దాదాపు ఆరు మారథాన్లు, అలా 20 వారాలు. మొదటి వారంలో వాళ్ల ఖర్చు రోజుకు 6,200 కేలరీలు. చివరికొచ్చేసరికి పరుగు తగ్గకపోయినా ఖర్చు 4,900కు పడిపోయింది. శరీరం మిగతా పనుల్లో పొదుపు మొదలుపెట్టిందన్నమాట. ఎన్ని నెలలైనా నిలబడగల ఖర్చు బీఎంఆర్‌కు సుమారు రెండున్నర రెట్లేనని పరిశోధకులు తేల్చారు. కారణం కాళ్లు కాదు, కడుపు. జీర్ణవ్యవస్థ రోజుకు ఇంతకన్నా ఎక్కువ శక్తిని ఒంటికి అందించలేదు. ఆ పైన చేసే ప్రతి ఖర్చూ ఒంట్లోని నిల్వల్లోంచి తీసిందే. సైక్లిస్టులు నాలుగు రెట్లు ఖర్చు చేయగలిగేది మూడు వారాలే కాబట్టి.

అదే అధ్యయనంలో మరో అంకె. నిండు గర్భిణి ఖర్చు బీఎంఆర్‌కు దాదాపు 2.2 రెట్లు! ఇది చదివి వినిపిస్తే, "నేను ఆ పందెం రెండుసార్లు పూర్తి చేశాను, ఎవరైనా మెడల్ ఇచ్చారా?" అంది మా ఆవిడ.

మా ఇంటి లెక్క

'పొదుపు' అన్న మాట దగ్గర నాకు ఆలోచన ఆగిపోయింది. మరికాస్త చదివితే, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు దీనికి ఒక పేరు పెట్టారని తెలిసింది: రిలేటివ్ ఎనర్జీ డెఫిషియన్సీ ఇన్ స్పోర్ట్. ఆటకు తగ్గ తిండి లేకపోతే శరీరం ఎముకల మరమ్మతు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి వంటి పద్దుల్లో కోత పెడుతుంది. ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. ఆడపిల్లలకు నెలసరి ఆగిపోవచ్చు.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. తను అమ్మాయిని మెల్లగా అడిగింది. మూడు నెలలుగా నెలసరి రాలేదట. పరుగెత్తేవాళ్లకు ఇది మామూలేనని ఎవరో సీనియర్ అమ్మాయి చెబితే ఊరుకుందట. బరువు తగ్గితే టైమింగ్ మెరుగవుతుందని రాత్రి అన్నం మానేసింది. చేతి వాచీలో చూపించే కేలరీల కన్నా తక్కువ తినడమే లక్ష్యంగా పెట్టుకుంది.

ఆ వాచీ పుట్టినరోజుకు కొనిచ్చింది నేనే.

కాగితం తీసుకుని లెక్క వేశాం. తన బరువు 45 కిలోలు, బీఎంఆర్ దాదాపు 1,300. రోజుకు ఎనిమిది కిలోమీటర్ల పరుగుకు 360. తను తింటున్నది సుమారు 1,400. పరుగు ఖర్చు పోగా మిగిలేది 1,040. అంటే అద్దెకే చాలడం లేదు. ఇక స్కూలుకు, ఆటపాటలకు, ఎదుగుదలకు ఏం మిగులుతుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లలకు రోజుకు 2,400 కేలరీలు కావాలంటుంది. అది కూడా మామూలు పిల్లలకు.

వాచీల సంగతి కూడా తెలుసుకున్నాను. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల వాచీలను పరీక్షిస్తే చాలావరకు గుండె వేగాన్ని బాగానే చూపించాయి. కేలరీల విషయంలో మాత్రం అన్నింటికన్నా మెరుగైన వాచీ కూడా సగటున 27 శాతం తప్పు చూపింది. అంత తేడా ఉంటే మన క్యాష్ కౌంటర్ ఒక్క రోజు నడుస్తుందా?

డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి ఈసారి అన్నీ దాచకుండా చెప్పాం. పరుగు పూర్తిగా ఆపించి, రక్తపరీక్షలు చేయించి, కాల్షియం, విటమిన్ డి రాశారు. అసలు మందు మాత్రం తిండేనన్నారు. మా అత్తగారు సున్నుండలతో రంగంలోకి దిగారు. రాత్రి పెరుగన్నం మళ్లీ కంచంలోకి వచ్చింది. నాలుగు నెలలకు నెలసరి వచ్చింది. డిసెంబరులో మెల్లగా పరుగు మొదలుపెట్టింది.

మన ఇళ్లలో ఆటలాడే పిల్లలుంటే మార్కులు, మెడల్స్‌తో పాటు కొన్ని చూడండి. తరచూ గాయాలు, తగ్గని అలసట, మాటిమాటికీ జలుబు, ఆగిన నెలసరి, కంచం ముందు తప్పించుకునే మాటలు. ఇవి కనిపిస్తే తిట్టకండి, డాక్టరుకు చూపించండి. మగపిల్లలకూ ఈ ఇబ్బంది వస్తుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత జరిగిన స్కూలు పోటీల్లో మా అమ్మాయి మూడు వేల మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చింది. గీత దాటగానే నా దగ్గరికి వచ్చి మొదట అడిగింది టైమింగ్ కాదు. "నాన్నా, బాక్సులో అరటిపండు ఉందా?" అంది.