బొంతలు, సూదులు, మన పాదాలు

ఈసారి మందుల గురించి కాక బొంతల గురించి వ్రాస్తున్నానని ఆశ్చర్యపోకండి. తిరిగి ఆసుపత్రికే వస్తాను.

మన రాయలసీమలో బొంత లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. పాతబడిన నూలు చీరను మూడు మడతలు వేస్తే మనిషి పడుకొనేంత పొడవు వస్తుంది. అటువంటివి రెండో మూడో ఒకదానిమీద ఒకటి పరచి, పైన మంచి గుడ్డ వేసి, వరుసలు వరుసలుగా కుడతారు. కర్ణాటకలో దీనినే కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి, బెంగాలులో కాంథా. పాలిస్టరు చీరలు మాత్రం వద్దు. చెమట పీల్చవు, కుట్టేటప్పుడు జారిపోతాయి.

నంద్యాల స్త్రీల సమాజంలో కొందరు, ఆళ్లగడ్డ సంఘంలో కొందరు కలిసి మన ప్రసూతి వార్డు తల్లుల కోసం బొంతలు కుడుతున్నారు. ఆళ్లగడ్డవారు రంగు రంగుల ముక్కలు అతికి పైగుడ్డ తయారుచేస్తారు. నంద్యాలవారు లోపలి పొరలు సిద్ధం చేస్తారు. నెలకు ఒకసారి వీరంతా బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, రెండూ కలిపి కుడతారు. పేరుకు పని, నిజానికి విహారయాత్ర. ఒకరు పులిహోర తెస్తారు, ఒకరు వేరుశెనగ ఉండలు. శిల్పుల వీధిలో ఉలి చప్పుడు వింటూ నడవడం వారికి మహా ఇష్టం. (రాతి పొడి ఊపిరితిత్తులకు చేసే కీడు గురించి మరొకసారి వ్రాస్తాను.)

ఒక నెల నేనూ వెళ్లినప్పుడు వారికి చాంగీ బొంతల సంగతి చెప్పాను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైంది. చాంగీ జైలులో బందీలైన స్త్రీలు ఒక్కొక్కరు ఒక్కొక్క గుడ్డముక్క మీద తమ పేరు కుట్టి, 66 ముక్కలు కలిపి ఒక్కో బొంత చేశారు. అవి సైనికుల ఆసుపత్రికి చేరితే, వేరేచోట బందీలుగా ఉన్న భర్తలకు తమ భార్యలు బ్రతికే ఉన్నారని తెలుస్తుందని వారి ఆశ. ఇది విన్నప్పటి నుండి ఆళ్లగడ్డ అక్కలు కూడా తాము కుట్టిన ముక్క మూలన పేరులోని మొదటి అక్షరం కుట్టసాగారు.

తరువాత ఒక నెల పైగుడ్డ విప్పితే ఒక అక్షరం కనబడలేదు. ఎప్పుడూ రెండు ముక్కలు ఇచ్చే అక్క ఒక్కటీ ఇవ్వలేదు, మనిషీ రాలేదు. ఆ దినమున నేనూ ఉన్నాను. సాయంత్రం అందరం ఆమె ఇంటికి వెళ్లాము. కాలికి పసుపు రాసి గుడ్డ చుట్టుకొని కూర్చొని ఉంది. గుమ్మం దగ్గరకే చీము వాసన వచ్చింది.

"ముల్లేదో గుచ్చుకొనింది సిస్టరమ్మా. నొప్పి లేదు గదా అని ఊరకుండినాను" అంది.

వెంటనే ఆసుపత్రికి తీసుకువచ్చాము. ఎక్స్‌రేలో తెల్లని గీత కనిపించింది. అది ముల్లు కాదు, విరిగిన సూది. బొంత ముక్క కుడుతుండగా చాపలో పడిన సూదిని తొక్కి, రెండు వారాలు దానితోనే నడిచింది. రక్తంలో షుగరు చాలా ఎక్కువగా ఉంది. తనకు ఆ వ్యాధి ఉన్నట్టే ఆమెకు తెలియదు. డాక్టరుగారు సూది తీశారు గాని, అప్పటికే పాడైన ఒక వేలిని తీసివేయక తప్పలేదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఎన్నోసార్లు ఆమె కుట్టు చూచి మెచ్చుకున్నాను. షుగరు పరీక్ష చేయించుకున్నావా అక్కా అని ఒక్కసారీ అడగలేదు.

షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే నరాలు దెబ్బతింటాయి, ముందుగా పాదాలకే స్పర్శ తగ్గుతుంది. కాబట్టి నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూచుకోవాలి. వంగలేనివారు అద్దం నేలమీద పెట్టుకొని చూడవచ్చు, లేదా మనుమలను చూడమనవచ్చు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, వేసుకొనే ముందు దులపాలి. ఆరాధనకు చెప్పులు విడిచి వెళ్లినవారు ఇంటికి రాగానే పాదాలు చూచుకోవాలి. ఆనెలను బ్లేడుతో కోయవద్దు. చిన్న పుండైనా, చీము పట్టినా, రంగు మారినా ఆ దినమే రండి. పసుపు కట్టి కాచుకొని కూర్చోవద్దు.

బొంతలకు చీరలు ఇచ్చేవారికి ఒక మాట. ఉతికి, ఎండలో బాగా ఆరవేసి ఇవ్వండి. ఇంట్లో ఎవరికైనా గజ్జి ఉంటే అందరూ ఒకేసారి మందు రాసుకొని, దుప్పట్లు వేడినీటిలో ఉతకండి. ఉతకలేని బొంతను సంచిలో మూటకట్టి వారం పక్కన పెడితే చాలు. ఆ పురుగు మనిషి ఒంటిని విడిచి రెండు మూడు దినములకంటే బ్రతకదు.

ఆపరేషను థియేటరులో కుట్లు వేసే ముందు, తరువాత సూదులు లెక్కపెట్టడం మాకు అలవాటు. అదే పద్ధతి ఇప్పుడు బొంతల దగ్గరా పెట్టాము. పన్నెండు సూదులు ఇస్తాము, పన్నెండూ తిరిగి రావాలి. పాత రేడియో స్పీకరు నుండి తీసిన అయస్కాంతం ఒకటి పెట్టెలో ఉంటుంది. లెక్క చూచేది ఆ అక్కే. ఇప్పుడు నేలమీద కాక కుర్చీలో, కాళ్లకు చెప్పులతో కూర్చుంటుంది. ముక్క మూలన ఆమె అక్షరం మళ్లీ కనబడుతోంది.

మొన్న వెళ్లినప్పుడు పదకొండే వచ్చాయి. బస్సు వెళ్లిపోయినా సరే, ఎవరినీ కదలనివ్వలేదు ఆమె. చాపలు దులిపి, అయస్కాంతం గది అంతా తిప్పారు. అరగంట తరువాత దొరికింది, నా కొంగుకే గుచ్చి ఉంది.