తెలుగు పద్యగానానికి బహుస్థాయి గళకోశం: కృష్ణా డెల్టా నేపథ్యం

వ్యాససంగ్రహం: గాన సంశ్లేషణ సాఫ్ట్‌వేర్ చేత తెలుగు పద్యం పాడించాలంటే గాత్రధ్వనులను పలు స్థాయిల్లో ముద్రించాలి. ఆ స్థాయిల ఎంపికకు రాగం, ధ్వనుల జాబితాకు ఛందస్సు ఆధారం కావాలని ఈ వ్యాసం వివరిస్తుంది.

1. ఉపోద్ఘాతం

2008లో జపాన్‌లో వెలువడిన ఉటౌ వంటి సాఫ్ట్‌వేర్లు ముద్రిత ధ్వనులను కూర్చి పాటగా వినిపిస్తాయి. ఆ ధ్వనుల సముదాయమే వాయిస్‌బ్యాంక్. దీనిని ఇక్కడ గళకోశం అంటున్నాం. విజయవాడ, గుడివాడ, బందరు ప్రాంతాల్లో తిరుపతి వేంకటకవుల నాటకపద్యాలకు విశేషాదరణ ఉంది. హార్మోనియం శ్రుతిపై పద్యం చదివి, చివరి దీర్ఘాచ్చుపై తారస్థాయికి రాగం తీయడం ఈ గానపద్ధతి. ఒకే స్థాయిలో ముద్రించిన గళకోశం ఇందుకు చాలదు. మధ్యషడ్జంలో పలికిన ధ్వనిని యంత్రం తారస్థాయికి లాగితే శ్రుతి పెరుగుతుంది గాని, పైస్థాయిలో గొంతుకు సహజంగా వచ్చే బిగువు రాదు.

2. స్థాయిల ఎంపిక

ఒకటో శ్రుతిలో పాడే పురుషగాత్రానికి మధ్యషడ్జం సుమారు 131 హెర్ట్జ్, పంచమం 196, తారషడ్జం 262, తారపంచమం 392. ఈ నాలుగు స్థానాల్లో ముద్రిస్తే ఏ ధ్వనినీ ఎక్కువ దూరం లాగనవసరం లేదు. ఏ స్వరానికి ఏ ముద్రణ వాడాలో ఉటౌలో ‘ప్రిఫిక్స్ మ్యాప్’ నిర్ణయిస్తుంది. గాంధారం వరకు షడ్జ ముద్రణను, మధ్యమం నుంచి పంచమ ముద్రణను కేటాయించవచ్చు. మోహనలో మధ్యమం లేదు కనుక ఈ హద్దు ఇబ్బంది పెట్టదు. గాంధార మధ్యమాల మధ్య పదేపదే సంచరించే రాగాల్లో మాత్రం స్వరస్వరానికీ గొంతు మారినట్టు వినిపిస్తుంది. అక్కడ హద్దును జరపాలి. గమకాలను ముద్రించరు. ధ్వనులను నిలకడగా పలికించి, గమకాన్ని శ్రుతిరేఖగా తరువాత గీస్తారు.

3. ధ్వనుల జాబితా

జపనీస్ జాబితాలను యథాతథంగా స్వీకరిస్తే తెలుగు దెబ్బతింటుంది. ణ, ళలకు తోడు ‘చలి’, ‘జడ’లలోని దంత్య చ, జలను విడిగా ముద్రించాలి. ద్విత్వాల విషయం మరింత కీలకం. ‘అత్త’లో తకారానికి ముందున్న నిశ్శబ్దం తగ్గితే ‘అత’ అని వినిపిస్తుంది. గురువు లఘువై గణం తప్పుతుంది. కాబట్టి అచ్చు నుంచి హల్లుకు సాగే సంధిభాగాన్ని కూడా ముద్రించాలి. ప్రతి ధ్వనిలో హల్లు ఎక్కడ ముగుస్తుందో, సాగదీయదగిన అచ్చు ఎక్కడ మొదలవుతుందో ‘ఓటో’ ఫైలులో గుర్తించాలి.

4. ముద్రణ

వంద ధ్వనిమాలల జాబితా నాలుగు స్థాయిల్లో నాలుగు వందల ముద్రణలవుతుంది. గాయకునికి హెడ్‌ఫోనులో శ్రుతి వినిపిస్తూ, ఒక్కొక్క స్థాయిని ఒకే విడతలో పూర్తిచేయడం మేలు. మైకు దూరం, అచ్చుల వివృతత మారితే స్థాయిల మధ్య అతుకులు బయటపడతాయి.

5. ముగింపు

పాత రికార్డు పాడిన పద్యాన్నే వినిపిస్తుంది. గళకోశం గాయకుడు పాడని పద్యాన్ని సైతం ఆయన గొంతుతో పాడగలదు. అందువల్ల వినియోగపు హద్దులను తెలిపే లిఖితపూర్వక అనుమతి ముద్రణకు ముందే తీసుకోవాలి. ఉచ్చారణ, ఛందస్సు తెలిసిన తెలుగు పరిశోధకులు జాబితా రూపకల్పనలో పాల్గొన్నప్పుడే ఆ గొంతు తెలుగు పద్యాన్ని గణం తప్పకుండా పాడుతుంది.