గుక్క పట్టే బండి

ఒంగోలు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేచోట పాత మారుతి 800 ఆరోగ్యం బయటపడుతుంది. వెనక చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలతో లారీ వస్తుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఉరకదు. ఏడవబోయే పసిపిల్లలా ఒక్క క్షణం గుక్క పట్టి, జర్క్ కొట్టి, ఆ తర్వాతే కదులుతుంది. ప్రాణం మీదికి రావడానికి ఆ క్షణం చాలు.

‘పికప్ పోయింది, కార్బొరేటర్ మార్చేద్దాం’ అనుకోవడం తొందరపాటు. ముందు ఆ గుక్క ఎందుకో తెలియాలి. అందుకు కార్బొరేటర్ పుట్టుక దాకా వెళ్లాలి.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడిపిన బండిలో గాలి ఇంధనం ఉపరితలాన్ని తాకుతూ ఆవిరిని మోసుకెళ్లేది. దారిలో ఇంధన గొట్టం పూడుకుపోతే ఆమె టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుంది. 1893 నాటికి జర్మనీలో మేబాక్, హంగేరీలో బాంకి, చోంకా పెట్రోలును సన్నటి జెట్ గుండా చిమ్మించే కార్బొరేటర్లు తెచ్చారు. ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ లోటే పెట్రోలును పైకి లాగుతుంది.

చిక్కంతా ఇక్కడే. పెట్రోలు గాలికన్నా సుమారు 600 రెట్లు బరువు. పెడల్ ఒక్కసారిగా తొక్కితే గాలి దూసుకొస్తుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఇంజన్‌కు ఆ క్షణం దక్కేది దాదాపు ఉత్త గాలే. ఈ లోటు పూడ్చడానికే కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు అనే చిన్న పిచికారీ పెట్టారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన 796 సీసీ మారుతి కూడా దాన్నే నమ్ముకుంది.

కాబట్టి పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని ఎయిర్ ఫిల్టర్ తీయాలి. కార్బొరేటర్ మీది యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో లాగుతూ గొంతులోకి చూడాలి. పెట్రోలు ధార నిండుగా చిమ్మితే పంపు బాగున్నట్టే. చుక్కచుక్కగా కారినా, అసలు రాకపోయినా జెట్‌లో నలక అడ్డుపడి ఉండాలి, లేదా పంపులోని రబ్బరు గట్టిపడి ఉండాలి. గ్రానైట్ దుమ్ము దారుల్లో తిరిగే బండికి మురికి ఫిల్టర్ మరో శత్రువు.

ఇప్పుడు ఇంకో కారణం కలిసింది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. కిలో పెట్రోలు మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. పాత జెట్లు మాత్రం ఉత్త పెట్రోలు లెక్కకే బిగించినవి. పలచబడ్డ మిశ్రమం ఇంకాస్త పలచనవుతుంది. పాతకాలపు రబ్బరు ఇథనాల్‌లో నాని ఉబ్బుతుంది కూడా.

ధార బాగున్నా గుక్క ఆగకపోతే చూపు ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ వైపు తిప్పాలి. దాని పక్కనున్న వాక్యూమ్ గొట్టాన్ని కార్బొరేటర్ దగ్గర ఊడదీసి, కొస తుడిచి, నోటితో పీల్చి నాలుకతో మూయాలి. లోపలి పొర బాగుంటే గొట్టం నాలుకను పట్టుకుని వదలదు. పట్టు నిలవకపోతే పొరో గొట్టమో చిరిగింది. మార్చాల్సింది దాన్ని, కార్బొరేటర్‌ను కాదు.